చిలకలూరిపేట దారిలో ఒక పంజరం

గుంటూరు మిర్చి యార్డులోకి కొత్తగా అడుగుపెట్టినవాళ్లెవరూ రెండు నిమిషాలు తుమ్మకుండా నిలబడలేరు. ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకున్నా, తలకి తువ్వాలు చుట్టుకున్నా ఘాటు ఎక్కడో ఓ చోట సందు చూసుకుని గొంతులోకి దిగుతుంది. కళ్లు ఎర్రబడతాయి. అలవాటుపడ్డ హమాలీలు టిక్కీలు మోసుకుపోతూ కొత్తవాళ్ల అవస్థ చూసి నవ్వుకుంటారు.

అదే ఊళ్లో ఏ సందులోకో వెళితే, ఏ పాతింటి వసారాలోనో దూలానికి వేలాడే పంజరం ఒకటి కనిపిస్తుంది. అందులో చిలక ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలితో పండుమిరపకాయని చిన్నపిల్లలు పుల్ల ఐసు పట్టుకున్నట్టు పట్టుకుని, నింపాదిగా గింజ గింజా ఒలుచుకు తింటూ ఉంటుంది. కంట్లో చెమ్మ ఉండదు. 'హా' అనదు. ఇంకొకటి పెట్టమన్నట్టు తల వాలుస్తుంది. అది చూసి ఇంటికొచ్చిన పిల్లలు నోరు వెళ్లబెడతారు.

ఇందులో మాయేం లేదు. మిరపకాయ కారానికి మూలం క్యాప్సైసిన్ అనే రసాయనం. మనుషులు, ఎలుకలు, కోతుల్లాంటి పాలిచ్చే జాతుల నాలుక మీద అది మంటపెడుతుంది. పక్షుల నరాలకి మాత్రం దాని సంగతే పట్టదు. అమెరికాలో అడవి మిరప మొక్కల మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్తలు 2001లో ఒక చక్కని విషయం బయటపెట్టారు. మిరపకాయని ఎలుక తింటే గింజ నలిగిపోతుంది, ఇక మొలవదు. అదే పిట్ట మింగితే గింజ చెక్కుచెదరకుండా ఇంకోచోట పడి మొలుస్తుంది. ఎలుకని పొమ్మని, పిట్టని రమ్మని చెప్పడానికే మిరప కారం నేర్చుకుందన్నమాట. చిలక మాత్రం ఈ ఒప్పందానికి కట్టుబడే రకం కాదు. దానికి కావలసింది గింజే. వంకర ముక్కుతో పటుక్కున పగలగొట్టి మరీ తింటుంది!

నిజానికి గుంటూరు అనగానే మిరపకాయ గుర్తొస్తుంది గానీ, ఈ నేలకి మిరప చుట్టపుచూపుగా వచ్చిందే. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్ల ఓడల్లో మన దేశానికి చేరింది. చిలక అంతకు ఎన్నో వేల ఏళ్ల ముందునుంచీ ఇక్కడిదే. క్రీస్తుకి నాలుగు వందల ఏళ్ల కిందట క్టీసియస్ అనే గ్రీకు వైద్యుడు పర్షియా రాజుగారి కొలువులో ఉంటూ భారతదేశపు వింతలు రాసుకొచ్చాడు. అందులో మనిషిలా మాట్లాడే పక్షి ఒకటుంది. దానికి భారతీయుల భాష వచ్చునట, గ్రీకు నేర్పితే గ్రీకూ మాట్లాడుతుందట. అంటే అప్పటికే ఎవరో దాన్ని పట్టి, ఇంట్లో పెట్టి, పలుకులు నేర్పుతున్నారు.

ఊరి పేరులోనే...

గుంటూరు నుంచి ఒంగోలు వైపు పదహారో నంబరు జాతీయ రహదారి మీద బయల్దేరితే దారి పొడవునా నల్లరేగడి. పత్తి చేలు, మిరప చేలు, అక్కడక్కడా పొగాకు. కోతల కాలంలో వెళితే కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు ఎర్ర తివాచీ పరిచినట్టుంటాయి. ఆడవాళ్లు వరసగా కూర్చుని తాలుకాయలు ఏరుతుంటారు. దారిలో కుడిచేతివైపు కొండవీటి కొండలు కనిపిస్తాయి. ఆ తర్వాత వచ్చే పెద్ద ఊరు చిలకలూరిపేట. గుంటూరు నుంచి నలభై కిలోమీటర్ల చిల్లర. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల తోటల్లో గుంపులు గుంపులుగా ఉండే చిలకల వల్లే ఊరికి ఆ పేరొచ్చిందని పేట జనం చెప్పుకుంటారు. ఇప్పుడు అక్కడ ముందుగా కనపడేవి స్పిన్నింగు మిల్లులు, లారీలు. అయినా సాయంత్రం పూట తల పైకెత్తితే కీచుకీచుమంటూ బాణాల్లా దూసుకుపోయే పచ్చటి గుంపులు ఇప్పటికీ కనిపిస్తాయి.

పేట దాటి మార్టూరు, మేదరమెట్ల వైపు వెళ్లినా, అద్దంకి వైపు తిరిగినా చేలల్లో రైతు నోట చిలక మాట వస్తే అది ముద్దుమాట కాదు. జొన్నకంకి పాలుపోసుకునే వేళకి, మొక్కజొన్న పొత్తు గింజకట్టే వేళకి, పొద్దుతిరుగుడు పువ్వు తలవాల్చే వేళకి చిలకల దండు దిగుతుంది. జామతోట అయితే చెప్పనే అక్కర్లేదు. అది తినేది కొంచెం, కొరికి పారేసేది కొండంత. ఒక కాయని నాలుగు కొరుకులు కొరికి వదిలేసి పక్క కాయ మీదికి పోతుంది. అందుకే పాతరోజుల్లో మంచె మీద కూర్చుని వడిసెల తిప్పేవారు, డబ్బాలు వాయించేవారు. ఇప్పుడు గాలికి జరజరమని మోగే మెరుపు రిబ్బన్లు కడుతున్నారు, తోటల మీద వలలు కప్పుతున్నారు.

పగలంతా చేలో ఆ పిట్టని తిట్టిపోసిన రైతే సాయంత్రం ఇంటికొచ్చి పంజరం దగ్గర ఆగి, 'ఏమ్మా, తిన్నావా?' అని పలకరిస్తాడు. చేలో ఉన్నది దొంగ, ఇంట్లో ఉన్నది బిడ్డ. రెండూ ఒకే జాతి!

మోడు తాటి మీద గూడు

ఇంట్లోకి ఆ బిడ్డ ఎలా వచ్చింది? ఎవరూ కన్నది కాదు, పెంపకం కేంద్రంలో పొదిగిందీ కాదు. రామచిలుక గూడు అల్లుకోదు. చెట్టు తొర్రలో, పాతగోడ కంతలో గుడ్లు పెడుతుంది. ఈ మైదానంలో దానికి బాగా పనికొచ్చే చోటు తల విరిగిన మోడు తాడిచెట్టు. చలికాలం చివర గుడ్లు పెడితే మూడు వారాలకి పిల్లలవుతాయి. ఆ తర్వాత మరో ఆరేడు వారాలకి గానీ ఎగరలేవు. పట్టేవాడు చెట్టెక్కి తొర్రలో చెయ్యిపెట్టేది ఈ మధ్యలోనే. ఇంకా సరిగ్గా ఈకలు రాని కూనల్ని సంచిలో వేసుకుని దిగుతాడు. వాటిలో సంతకి బతికి చేరేవి కొన్ని, చేరనివి కొన్ని. కొన్నవాళ్లు ఆ రెండో లెక్క ఎప్పుడూ అడగరు. పైగా ఏడాదికి ఏడాది అదే తొర్ర కొల్లగొడితే ఆ చుట్టుపక్కల కొత్త తరం అంటూ ఉండదు.

ఇల్లు చేరాక మాత్రం దానికి దొరికేది సామాన్యమైన ప్రేమ కాదు. తెలుగువాళ్లకీ చిలకకీ ఉన్న చుట్టరికం అలాంటిది. పెళ్లిలో పంచదార చిలకలు, తాంబూలంలో ఆకు చిలకలు, చొక్కా తగిలించుకోడానికి గోడకి చిలకకొయ్య, చీరకి చిలకపచ్చ రంగు. ఓపిగ్గా చెబితే 'చిలక్కి చెప్పినట్టు చెప్పాను' అంటాం, అర్థం తెలియకుండా వల్లెవేస్తే 'చిలక పలుకులు' అంటాం, చూడముచ్చటైన జంటని చిలకాగోరింకలంటాం. పాలవేకరి కదిరీపతి 'శుకసప్తతి'లో కథలు చెప్పేది చిలకే. మధుర మీనాక్షి చేతిలో చిలక, గోదాదేవి చేతిలో చిలక. ఒక్కటి గమనించాలి. అమ్మవారి చేతి మీద చిలక ఉంటుంది గానీ, ఏ విగ్రహం చేతిలోనూ పంజరం ఉండదు.

ఇళ్లలో చిలకకి పెట్టే తిండి చూస్తే ప్రేమ ఎంతో, తెలియనితనం ఎంతో రెండూ తెలుస్తాయి. పాలన్నం, బిస్కెట్టు, టీలో ముంచిన రొట్టె... పాలు అరిగించుకునే ఏర్పాటు పక్షుల ఒంట్లో లేదు. అన్నిటికన్నా దానికి మేలు చేసేది నవ్వులాటకి ఇచ్చే ఆ పండుమిరపకాయే. పళ్లు, కూరగాయల్లో ఉండే విటమిన్లు కొన్నయినా దాని పొట్టలోకి చేరతాయి.

ఎవరొచ్చారు?

'ఎవరొచ్చారు?', 'అమ్మా, ఆకలి', 'దా, కూర్చో'. చిలక నోట ఈ మాటలు వింటే ముచ్చటపడనివాళ్లుండరు. గేటు చప్పుడైతే కుక్కలా మొరిగేవి, ఇంటి యజమాని దగ్గుని అచ్చుగుద్దినట్టు దగ్గేవి, టీవీ సీరియల్ పాట ఈలవేసేవి... కథలు కథలుగా చెబుతారు.

అది మాట్లాడటం నేర్చుకున్నది మనల్ని నవ్వించడానికి కాదు. చిలక గుంపులో పుట్టి గుంపులో బతికే పిట్ట. ఒంటరిగా ఉండటం దానికి చేతకాదు. గుంపులో ఉన్నవాళ్లంతా ఒకరి పిలుపు ఒకరు నేర్చుకుని, 'నేనిక్కడున్నా, నువ్వెక్కడ?' అని అనుకుంటూ ఎగురుతారు. వెనిజువెలాలో ఉండే ఒక చిన్నజాతి చిలకల మీద జరిగిన పరిశోధన 2011లో వెలువడింది. గూట్లో ఉండగానే ఒక్కో పిల్లకి ప్రత్యేకమైన పిలుపు తల్లిదండ్రుల దగ్గర్నుంచే అబ్బుతుందని అందులో తేలింది. ఒక రకంగా అవి బిడ్డలకి పేర్లు పెట్టుకుంటాయన్నమాట. అడవిలో ఉన్న రామచిలుక మనిషి మాట పలకదు, ఆ అవసరం దానికి లేదు. పంజరంలో ఉన్నదానికి గుంపు అంటే మనమే. మన పిలుపు నేర్చుకుంటే తప్ప అది గుంపులో మనిషి కాదు... కాదు, పిట్ట కాదు. 'ఎవరొచ్చారు?' అన్న ఆ ముద్దుమాట వెనక ఉన్నది తెలుగు కాదు, ఒంటరితనం.

అందరూ ఆఫీసులకీ బడులకీ వెళ్లిపోయి ఇల్లు ఖాళీ అయినప్పుడు అది అరవడం, పంజరం కడ్డీల్ని కొరకడం, కొన్నయితే తమ ఈకలు తామే పీక్కోవడం ఇందుకే. జాగ్రత్తగా చూసుకుంటే పంజరంలో చిలక ఇరవై, ముప్ఫై ఏళ్లు బతుకుతుంది. పదేళ్ల పిల్లాడి సరదాకి కొన్న చిలక, వాడు ఉద్యోగానికో అమెరికాకో వెళ్లిపోయాక కూడా వసారాలో వాడి పేరు పిలుస్తూ ఉంటుంది. పల్లెటూళ్లలో ముసలి తల్లిదండ్రులకి ఆ పిలుపే పెద్ద తోడు. చిలకని వదిలెయ్యండి అని ఎవరైనా చెప్పినప్పుడు వాళ్ల మొహం ఎందుకు వాడిపోతుందో ఇది తెలిస్తే అర్థమవుతుంది.

కోటప్పకొండ కింద

పేట నుంచి నరసరావుపేట వైపు తిరిగితే కోటప్పకొండ. త్రికోటేశ్వరస్వామి ఉన్న ఈ కొండ మీద కాకి వాలదని నానుడి. కాకి సంగతేమో గానీ శివరాత్రి తిరునాళ్లకి కొండ కింద చిలకకి కొదవుండేది కాదు. ఆకాశాన్నంటే ప్రభలు, వాటి కరెంటు దీపాలు, చెరుకుగడల బళ్లు, బూరలు. ఆ సందట్లో ఓ పక్కన గోనెపట్టా పరిచి, దేవుళ్ల బొమ్మల చీటీలు వరసగా పేర్చి, చిన్న చెక్కపెట్టె ముందు పెట్టుకుని కూర్చునే చిలక జోస్యగాడు. 'రా తల్లీ, బయటికి రా, అమ్మగారి పేరు మీద ఒక చీటీ తియ్యి' అనగానే పెట్టె తలుపు లేచేది. చిలక నాలుగడుగులు వేసి, ఒక చీటీ ముక్కుతో లాగి పక్కన పడేసి, వడ్లగింజ అందుకుని, ఎవరూ చెప్పకుండానే మళ్లీ పెట్టెలోకి వెళ్లిపోయేది.

చూసేవాళ్లకి అన్నిటికన్నా ఆశ్చర్యం ఆ చివరి నాలుగడుగులే. ఆకాశం ఎదురుగా ఉండగా పెట్టెలోకి ఎందుకు వెళుతుంది? ఒక కారణం, రెక్కల చివరి ఈకలు కత్తిరించి ఉంటాయి. రెండోది, కళ్లు తెరిచినప్పటి నుంచీ దానికి తెలిసిన ఇల్లు అదొక్కటే.

జోస్యగాళ్లని దుర్మార్గులుగా చిత్రించడం తేలిక, కానీ న్యాయం కాదు. తాతల నుంచి వచ్చిన విద్య అదొక్కటే ఉన్న కుటుంబాలు. చిలకకి గింజ వేశాకే తాము తినేవాళ్లు అందులో ఉన్నారు. చిలక పోతే పొయ్యి వెలగని ఇళ్లు అవి. అయినా చట్టం దగ్గర ఆ లెక్క చెల్లదు. 2024 లోక్‌సభ ఎన్నికలప్పుడు తమిళనాడులోని కడలూరులో ప్రచారానికి వెళ్లిన ఓ అభ్యర్థికి గెలుపు ఖాయమని ఒక చిలక చీటీ తీసింది. ఆ దృశ్యం ఊరూరా తిరిగింది. మర్నాటికల్లా అటవీశాఖ వాళ్లు వచ్చి చిలకల్ని స్వాధీనం చేసుకుని, జోస్యగాణ్ని అదుపులోకి తీసుకుని, మందలించి వదిలారు. ఆ అభ్యర్థి ఓడిపోయాడు. తన యజమాని సంగతి మాత్రం చిలక ముందుగా చెప్పలేకపోయింది!

మనదేశపు చిలకని పట్టడం, అమ్మడం, కొనడం, పంజరంలో ఉంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. దేశీ పక్షుల వ్యాపారాన్ని 1990ల మొదట్లోనే పూర్తిగా నిషేధించారు. 2022లో చట్టాన్ని సవరించినప్పుడు మామూలు ఉల్లంఘనలకి గరిష్ఠ జరిమానాని 25 వేల రూపాయల నుంచి లక్షకి పెంచారు. మనం లవ్‌బర్డ్స్ అని పిలుచుకునే ఆస్ట్రేలియా బుల్లిపిట్టలకి ఇది వర్తించదు గానీ, పెరట్లో వాలే రామచిలుకకి వర్తిస్తుంది. ఇంకో విశేషం, పాలపిట్ట స్థానంలో 2018లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షిగా ఎంపికైంది ఈ రామచిలుకే. పాపం, పాలపిట్టకైనా దసరా రోజుల్లోనే చెర. దర్శనం పేరుతో దాన్ని పట్టి, రెక్కలు కట్టి, ఇల్లిల్లూ తిప్పి డబ్బులడుగుతారు. రాష్ట్ర పక్షికి ఏడాది పొడవునా చెరే.

అయితే ఈ కబురు విన్న వెంటనే పంజరం తలుపు తీసేస్తే పుణ్యం వస్తుందనుకుంటే పొరపాటు. కూనగా ఉన్నప్పుడే మనిషి చేతికొచ్చిన చిలకకి తిండి ఎక్కడ వెతుక్కోవాలో తెలియదు. పిల్లిని చూసి భయపడాలని తెలియదు. కత్తిరించిన ఈకలు రాలి కొత్తవి రావాలంటే నెలలు పడుతుంది. వదిలిన గంటకే కాకులు చుట్టుముట్టి పొడిచి చంపిన చిలకలెన్నో. తెలిసినవాళ్లు చెప్పేదేమిటంటే, అటవీశాఖ రేంజి ఆఫీసుకి అప్పగించాలి. వాళ్లు దాన్ని పెద్ద ఎన్‌క్లోజర్‌లో సాటి చిలకల మధ్య ఉంచి, రెక్కల్లో బలం వచ్చాక, గుంపులో కలిశాక వదులుతారు. ఎన్నటికీ ఎగరలేనిదైతే అక్కడే చూసుకుంటారు. అటవీశాఖ అనగానే కేసు పెడతారేమోనని చాలామంది జంకుతారు. ఆ జంకుతోనే ఎన్నో పంజరాలు వసారాలోంచి వంటింటి మూలకి మారాయి తప్ప ఖాళీ అవలేదు. బిడ్డలా చూసుకున్న పిట్టకి ఇంకాస్త చీకటి మిగిలింది.

భద్రాచల రామదాసు కథ తెలియని తెలుగువాళ్లుండరు. గోల్కొండ చెరలో పన్నెండేళ్లు ఎందుకు మగ్గాడయ్యా అంటే, కిందటి జన్మలో ఓ చిలకని పన్నెండు రోజులు పంజరంలో పెట్టాడు, రోజుకి ఏడాది చొప్పున అనుభవించాడు అంటారు. పెద్దవాళ్లు ఈ కథ పిల్లలకి చెప్పేది తరచూ ఆ వసారాలోనే, ఆ పంజరం కిందనే. చెప్పేవాళ్లకీ వినేవాళ్లకీ పైకి చూడాలని తోచదు.

ఇదే మైదానంలో పిట్టని పట్టకుండానే ప్రేమించిన ఊరు కూడా ఉంది. గుంటూరుకి కూతవేటు దూరంలో పెదకాకాని మండలం ఉప్పలపాడు. ఊరిచెరువులోకి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి గూళ్లు పెడుతుంటే ఊరివాళ్లు చెరువు వాటికే వదిలేశారు. రెట్టల వాసన భరించారు, వేటగాళ్లని రానివ్వలేదు. చెట్లు చాలకపోతే అటవీశాఖ ఇనప నిలువులు పాతింది. ఆ పిట్టలకి అక్కడ ఎవరూ పేర్లు పెట్టలేదు, అవి ఎవరినీ పేరు పెట్టి పిలవవు. చెన్నై రాయపేటలో ఓ కెమెరా మెకానిక్ 2004 సునామీ తర్వాత తన మిద్దె మీద బియ్యం పోయడం మొదలుపెడితే, ఏళ్ల తరబడి రోజూ వేలాది చిలకలు వచ్చి తిని వెళ్లేవి. లండన్ వెళ్లిన మనవాళ్లకి అక్కడి పార్కుల్లో మంచులో మన చిలకలే ఎగరడం చూసి దిగ్భ్రమ. ఎప్పుడో పంజరాల్లో వెళ్లి, తప్పించుకుని, అక్కడ వేలల్లోకి పెరిగాయి.

గుంటూరు, పేట, నరసరావుపేట పాతిళ్లలో ఈ మధ్య వసారా కొక్కేలకి సంక్రాంతి వరికంకుల కుచ్చులు వేలాడుతున్నాయి. కొన్నింటికి మాత్రం ఇంకా పంజరమే. అలాంటి ఇంటి ముందు పొద్దువాలే వేళ కాసేపు నిలబడితే చాలు. చేల మీద నుంచి చిలకలు గుంపులుగా చెట్లకి మళ్లే సమయమది. దూరాన కీచుమన్న చప్పుడు వినపడగానే అప్పటిదాకా 'ఎవరొచ్చారు, ఎవరొచ్చారు' అంటున్న చిలక ఠక్కున ఆగిపోతుంది. తల పక్కకి తిప్పి, ఒక కన్ను ఆకాశం వైపు పెడుతుంది. గుంపు నెత్తిమీదికి వచ్చేసరికి కడ్డీల దాకా జరిగి, మెడ సాచి, గొంతెత్తి ఒకే ఒక్క కేక వేస్తుంది. ఆ కేక ఇంట్లో ఎవరూ నేర్పింది కాదు.